చివర ‘ట’ ఉన్న మాటలు

ఆ వీడియో లేకపోతే నేను ఎప్పుడో వెళ్ళిపోయి ఉండేదాన్నేమో, లేదా ఎప్పటికీ వెళ్ళి ఉండేదాన్ని కాదేమో. ఈ రెండింటిలో ఏది నిజమో, ఆ ఎండాకాలం గుర్తొచ్చిన ప్రతిసారీ మారిపోతూంటుంది. మారనిది ఒక్కటే. వీడియోలో నాన్న చేతులు, బాబాయి చేతులు. మైదా జిగురు ఎండి గోళ్ళ చుట్టూ తెల్లగా పొరలు లేచిన చేతులు. ఊహ తెలిసినప్పటినుంచీ అవి నా కళ్ళముందే ఉన్నాయి. చూడటం మాత్రం అరచేతంత తెర మీదే చూశాను.

మా ఇంటి ముందుగదే మా బైండింగు షాపు. వెనకగదుల్లో మేం ఉండేవాళ్ళం. మేమంటే నాన్న, బాబాయి, నేను. ముందుగది మధ్యలో పొడుగాటి బల్ల. ఆ కొసన నాన్న మడిచిన కాగితాల ఫారాలు వరసగా పేర్చి దారంతో కుట్టేవాడు. ఈ కొసన బాబాయి జిగురు రాసి అట్టలు ఎక్కించేవాడు. మధ్యలో స్టూలు మీద కూర్చుని నేను చిరిగిన పేజీలకి పల్చటి కాగితం అతికించేదాన్ని, దాంతోపాటు వాళ్ళిద్దరి మాటలూ మోసేదాన్ని.

“మీ బాబాయికి చెప్పు, దారం అయిపోయిందని.”

“బాబాయ్, దారం అయిపోయిందట.”

“అయిపోక ఏం చేస్తుంది? పుస్తకం కుడుతున్నాడో పరుపు కుడుతున్నాడో కనుక్కో.”

“నాన్నా, కుట్లు కాస్త దగ్గరదగ్గరగా పడుతున్నాయట.”

ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మాట ఒకరికి శుభ్రంగా వినపడుతున్నా, నేను చెప్పేదాకా ఇద్దరూ విననట్టే ఉండేవాళ్ళు. నేను కొంచెం నునుపు చేసి చెప్తే, ఆ నునుపు చేసిన మాటకే జవాబిచ్చేవాళ్ళు. అసలు మాట బల్ల మీద అలాగే పడుండేది, ఎవరూ తీయని చెత్తలాగా.

ఈ మౌనానికి కారణం చెప్తే నవ్వొస్తుంది. ఒక ప్లీడరుగారు ముచ్చటపడి తను రాసిన పుస్తకం అచ్చు వేయించుకుని మా దగ్గర బైండు చేయించుకున్నారు. నిండు సభలో ఆయన పుస్తకం పైకెత్తి చూపిస్తే అట్ట మీద పేరు తల్లకిందులుగా ఉంది. అట్ట ఎక్కించింది బాబాయి. పుస్తకాన్ని తిరగేసి అందించింది నాన్న. అంతకుముందు నాన్న కుట్టిన పుస్తకం బల్ల మీదుగా అందిస్తూ ప్రతిసారీ “తల ఇటు” అనేవాడు, అంటే పేజీల పైభాగం ఏ వైపుందో చెప్పడం. ఆ రోజు ఆ మాట అనలేదని బాబాయి, అన్నానని నాన్న. అక్కడితో ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. అమ్మ ఉన్నంతకాలం ఒకరి మాట ఒకరికి మోసే పని అమ్మదే. అమ్మ పోయాక నాకెవరూ అప్పగించలేదు. ఒకరోజు నాన్న “మీ బాబాయికి చెప్పు” అన్నాడు, నేను చెప్పాను. అంతే.

ఎదురుగా టీకొట్టాయన నాకు తంతి అని పేరు పెట్టాడు. “ఏం తంతీ, ఇవాళ ఏం కబుర్లొచ్చాయి?” అని అరిచేవాడు. కొత్తవాళ్ళెవరైనా మొహం తేలేస్తే, “తంతుందని కాదండీ, టెలిగ్రాం కబుర్లు మోసే తంతి తీగ అని” అని వివరంగా చెప్పి, తన హాస్యానికి తనే నవ్వుకునేవాడు.

ఏటా ఎండలు ముదరగానే పక్క పట్నంలోని పెద్ద లైబ్రరీ నుంచి వ్యానులో పాత పుస్తకాలు వచ్చేవి. వాటితోపాటు లైబ్రరీ పెద్దాయన కూడా వచ్చేవారు. ఆ ఏడు ఆయన వెంట ఒకావిడ దిగింది. నా వయసే ఉంటుంది. భుజాన నల్ల సంచి, చేతిలో మడిచిన మూడు కాళ్ళ స్టాండు.

“మనుషులు పనిచేసేటప్పుడు ఒకరికొకరు ఎలా అందించుకుంటారో వీడియో తీసి చదువుకుంటుందట ఈ అమ్మాయి. మీ బల్ల గురించి నేనే చెప్పాను,” అన్నారు పెద్దాయన.

“అడిగితే మేమే చెప్తాం కదమ్మా, దీనికి వీడియో ఎందుకు?” అన్నాడు నాన్న.

“అడిగితే మీరు చేసేది కాకుండా, చేస్తున్నామని అనుకునేది చెప్తారండీ. అందరూ అంతే. నేనూ అంతే,” అందావిడ.

నాన్నకి ఆ జవాబు నచ్చింది. నచ్చినట్టు కనపడకుండా నావైపు తిరిగి, “మీ బాబాయికి అభ్యంతరమేమో అడుగు,” అన్నాడు.

“నాకేం అభ్యంతరం? నేను మీ నాన్నలాగా జుట్టుకి రంగేసుకునేవాణ్ణి కాదుగా, కెమెరాకి భయపడ్డానికి.”

“అభ్యంతరం లేదట నాన్నా.”

ఆవిడ నన్ను చూసింది, తర్వాత వాళ్ళని చూసింది. కొట్టు మేడమీది గది అద్దెకిమ్మని టీకొట్టాయన్ని అడిగిందని ఆ సాయంత్రం తెలిసింది.

వెళ్తూ వెళ్తూ లైబ్రరీ పెద్దాయన నన్ను వ్యాను దగ్గరికి పిలిచారు. పాత పుస్తకాలు బాగుచేయడానికి లైబ్రరీలోనే ఒక గది పెడుతున్నారట. దానికి ఒక మనిషి కావాలి. “నీ అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదమ్మా. వచ్చెయ్. పుస్తకాలు పట్టుకెళ్ళడానికి మళ్ళీ వ్యాను వచ్చేలోగా ఒక ఫోను చెయ్, చాలు.”

ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్పాలంటే ఒకరికి చెప్పి, ఆయన జవాబు రెండోవాళ్ళకి మోయాలి. నా గురించే నేను తంతి కొట్టుకోవాలి. అదొక కారణం. రెండో కారణం అప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు. నేను లేకపోతే ఈ ఇల్లు మూగబోతుందన్న ఊహలో భయం ఎంతుందో తీపి కూడా అంతే ఉంది. రాత్రి పడుకున్నాక ఆ ఊహని నాలుక కింద బెల్లంముక్కలా పెట్టుకుని నిద్రపోయేదాన్ని.

వీడియోగారు (ఆ పేరు బాబాయి పెట్టాడు, ఊరంతా అలాగే పిలిచింది) మొదట్లో కెమెరా ఆన్ చేయలేదు. స్టాండు మూలన నిలబెట్టి ఊరికే కూర్చునేది. “అలవాటు పడాలి,” అంది. మేం దానికా, అది మాకా అని అడిగాను. “నేను మీకు,” అంది. తర్వాత ఒకరోజు కెమెరా మీద చిన్న ఎర్రలైటు వెలిగింది. నాన్న పొద్దున్నే గెడ్డం గీసుకుని, పండక్కి తొడుక్కునే చొక్కా వేసుకొచ్చి, జిగురు డబ్బా వైపు కూడా పోకుండా బిగుసుకుపోయి కుట్టాడు. బాబాయి మామూలు బనీనులోనే ఉన్నాడు గానీ, బ్రష్షుని మాత్రం ఎన్నడూ లేనంత సొగసుగా ఊపాడు. నాలుగు రోజులయ్యేసరికి చొక్కా పోయింది, సొగసూ పోయింది. ఎర్రలైటు గోడగడియారంలాగా అయిపోయింది. ఉందని తెలుసు, ఎవరూ చూడరు.

తీసింది తీసినవాళ్ళకి చూపించడం ఆవిడ పద్ధతి. ఒక మధ్యాహ్నం పని ఆపించి, కెమెరాకి పక్కనుండే చిన్న తెర తెరిచింది. ముగ్గురం దాని ముందుకి వంగాం. వాళ్ళిద్దరి తలల మధ్య నా తల ఇరుక్కుంది.

“ఇదేంటి, నా వెనక ఇంత బట్టతల ఉందా?” అన్నాడు నాన్న.

“చెప్పు మీ నాన్నకి, చాలా ఏళ్ళుగా ఉందని. ఆయన వెనక కూర్చునేవాళ్ళు మర్యాదస్తులు కాబట్టి చెప్పలేదని.”

“బాబాయికి చెప్పు, కొందరికి ముందునుంచే మొదలవుతుందని, దానికి వీడియో అక్కర్లేదని.”

“నాన్నా, బట్టతల చాలా ఏళ్ళుగా ఉందట. బాబాయ్, నీకు ముందునుంచిట,” అన్నాను. వీడియోగారు నవ్వు ఆపుకోలేక కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చి టేపు కొంచెం వెనక్కి తిప్పి, నెమ్మదిగా ఆడించింది. నాన్న కుట్టడం ముగించాడు, దారం కొరికాడు. పుస్తకాన్ని తిప్పి, ఒక అంచు మీద బొటనవేలు ఆనించి, తల ఎత్తకుండా చెయ్యి చాపాడు. బాబాయి కూడా తల ఎత్తలేదు. ఆయన చెయ్యి వచ్చి, ఆ బొటనవేలిని ఒక్కసారి తాకి, అక్కడే పుస్తకాన్ని పట్టుకుంది. ఇంకో పుస్తకం. మళ్ళీ బొటనవేలు, మళ్ళీ తాకడం.

“పుస్తకం తల ఎటుందో చెప్పడం, కదండీ?” అని అడిగింది ఆవిడ.

“నేనలా ఏం చెయ్యను,” అన్నాడు నాన్న.

“నేను మాత్రం చేస్తానా?” అన్నాడు బాబాయి.

ఇద్దరూ తెర కేసే చూస్తున్నారు. అందులో నాన్న బొటనవేలు మళ్ళీ పుస్తకం తల మీద ఆనింది. ఆ మధ్యాహ్నమంతా బల్ల మీద పుస్తకాలు ఒకటికి రెండుసార్లు జారిపడ్డాయి. ఎవరి చేతులు వాళ్ళకి కొత్తగా ఉన్నట్టున్నాయి. మర్నాటికి మరిచిపోయారు కాబోలు, బొటనవేలు మళ్ళీ దాని చోటికి అది వచ్చేసింది.

సాయంత్రాలు నేను టీకొట్టు మేడమీదికి వెళ్ళడం మొదలుపెట్టాను. టేపులో ఎవరు ఏమన్నారో కాగితం మీద పెట్టడానికి మా గొంతులు ఎరిగినవాళ్ళు కావాలంది ఆవిడ. గదిలో ఒక మంచం, ఒక కుర్చీ, కింద మరుగుతున్న టీ వాసన. ఆమె కుర్చీలో, నేను మంచం మీద. నాన్న మాట వస్తే నాన్న అని, బాబాయి మాట వస్తే బాబాయి అని చెప్పేదాన్ని. నా గొంతు వస్తే మాత్రం మొదట్లో గుర్తుపట్టలేకపోయేదాన్ని. ఎవరీవిడ, ఇంత జాగ్రత్తగా మాట్లాడుతుంది అనిపించేది.

“ఒకటి గమనించారా?” అందో సాయంత్రం. “మీ మాటలన్నిటికీ చివర ‘ట’ ఉంది. అయిపోయిందట, రమ్మన్నారట, వద్దట. మీ సొంతవాక్యం కోసం చూస్తున్నాను, ఇంకా దొరకలేదు.”

“మోసేవాళ్ళకి సొంతం ఏముంటుందండీ?” అని నవ్వాను.

ఆవిడ నవ్వలేదు. తప్పుగా మాట్లాడానేమో అన్నట్టు పెన్సిలు చెక్కుకోవడం మొదలుపెట్టింది. ఇంటికి నడుస్తూ ఏదైనా ‘ట’ లేని మాట ఒకటి అనుకుందామని చూశాను. నాకు ఆకలేస్తోంది, అనుకున్నాను. అదీ ఎవరో నాకు చెప్పి పంపినట్టే వినిపించింది.

లైబ్రరీ పుస్తకాల గుట్ట కరిగిపోతోంది. వ్యాను వచ్చే రోజు దగ్గరపడుతోంది. అట్టల మీద అతికించే కాలికో గుడ్డ తక్కువపడితే తేవడానికి కాగితాల బజారుకి బయల్దేరాను. వీడియోగారు తనూ వస్తానంది. “ఎవరూ చూడనప్పుడు బల్ల ఎలా ఉంటుందో నాకు కావాలి. కెమెరా ఇక్కడే వదిలెయ్యనా?” అని వాళ్ళిద్దర్నీ అడిగింది.

“ఉండనీ అమ్మా. తిండి అడుగుతుందా, తిప్పలు పెడుతుందా?” అన్నాడు నాన్న.

ఆ టేపు పెట్టుకుని కూర్చున్నది మర్నాడు సాయంత్రం. తెర మీద బల్ల. ఆ కొసన నాన్న, ఈ కొసన బాబాయి, మధ్యలో ఖాళీ స్టూలు. మేం బయటికి వెళ్తున్న అడుగుల చప్పుడు, తలుపు చప్పుడు. తర్వాత చాలాసేపు సూది దిగే శబ్దం, బ్రష్షు అట్ట మీద నడిచే శబ్దం. వీడియోగారికి కావలసింది అదే కాబట్టి ముందుకి తిప్పకుండా చూస్తూ కూర్చున్నాం.

“మధ్యాహ్నానికి బ్రెడ్డు తెమ్మన్నావా?” అన్నాడు నాన్న.

తెరలో గదిలోకి ఇంకెవరైనా వచ్చారేమో అని చూశాను.

“చెప్పాన్లే అన్నయ్యా, దాంతోనే చెప్పాను. మెత్తటిది చూసి తెస్తుంది,” అన్నాడు బాబాయి.

వీడియోగారి చెయ్యి మీటమీదికి వెళ్ళింది. “ఆపనా?”

“వద్దు,” అన్నాను.

“పెద్దాయన నీకూ చెప్పాడా, లైబ్రరీలో పని సంగతి?” నాన్న గొంతు. కుడుతూనే ఉన్నాడు.

“చెప్పాడు. నీకు చెప్పాడని కూడా చెప్పాడు.”

“అదింకా నోరు విప్పలేదురా.”

“విప్పదు. తను పోతే మన మాటలు ఎవరు మోస్తారని దాని బెంగ.”

సూది ఆగింది. “అంటే, మనం మాట్లాడుకుంటున్నామని తెలిస్తే వెళ్ళిపోతుంది.”

“వెళ్ళిపోతుంది.”

బాబాయి జిగురు డబ్బాలో బ్రష్షు తిప్పుతున్నాడు. అక్కర్లేకపోయినా తిప్పుతున్నాడు.

“నాకు జ్వరం వచ్చినప్పుడే చెప్పేసి ఉండాల్సింది,” అన్నాడు నాన్న. “అది మందులకి వెళ్ళింది. నేను నీళ్ళు కావాలని నిన్నే అడిగాను. వచ్చాక ఆ ఒక్క ముక్కా చెప్పేస్తే సరిపోయేది.”

“నేను చెప్దామనే అన్నాను. చెప్తే ఇంకది ఇక్కడ ఏం చేస్తుందిరా అన్నది ఎవరు?”

“నేనే. కాదన్నానా?”

అప్పుడు బాబాయి తల తిప్పి సరిగ్గా మా వైపు చూశాడు. ఆ గదిలో మంచం మీద కూర్చున్న నావైపే చూసినట్టు ఉంది.

“అన్నయ్యా, లైటు వెలుగుతోంది.”

నాన్న తల ఎత్తలేదు. దారం మునిపంట కొరికాడు. ముడి గట్టిపడిందో లేదో వేలితో లాగి చూసుకున్నాడు.

“వెలగనీ,” అన్నాడు.

తర్వాత పుస్తకం తిప్పి బల్ల మీదుగా చాపుతూ, “తల ఇటు,” అన్నాడు. బాబాయి అందుకున్నాడు. ఆ తర్వాత టేపు అయిపోయేదాకా పనే.

వీడియోగారు టేపు ఆపింది. తర్వాత, “ఇది పని కాదండీ. పని తీస్తానని ఒప్పించాను మీ వాళ్ళని. చెరిపెయ్యమంటే చెరిపేస్తాను,” అంది. తను పెట్టిన కెమెరాలో తనది కానిదేదో పడినందుకు ఆవిడకి కంగారుగా ఉంది.

“ఒక్కసారి వెనక్కి తిప్పండి,” అన్నాను.

వెలగనీ. మళ్ళీ తిప్పించాను. వెలగనీ. ఆ మాటలో విసుగుందా, అలసట ఉందా, ఇంకేమైనా ఉందా అని వెతికాను. మరిచిపోయి అన్న మాట కాదది. ఇద్దరికీ మొహాన చెప్పడం చేతకాదు, ఇన్నేళ్ళలో ఆ అలవాటు పోయింది. ఏ మాటయినా మధ్యలో ఒకరిని పెట్టి పంపాల్సిందే. ఈసారి నా కబురు నాతోనే పంపలేరు కదా. అంతవరకు అర్థమైంది. దానివల్ల ఏం అనిపించాలో మాత్రం తెలియలేదు.

మెట్లు దిగుతూంటే ముందు కోపం వచ్చింది. నేను నునుపు చేసి అందించిన మాటలన్నీ, వేడి తగ్గించి పట్టుకొచ్చిన జవాబులన్నీ గుర్తొచ్చాయి. జ్వరం తర్వాత ఎన్నాళ్ళనుంచో వాళ్ళిద్దరూ నాకోసం నాటకం ఆడుతున్నారు, నేను అందులో ఒళ్ళు దాచుకోకుండా పనిచేస్తున్నాను. ఒకసారి నాన్న “ఒరేయ్, ఆ కత్తి ఇటు...” అని సగంలో ఆగి, గుమ్మంలో ఉన్న పిల్లికేసి తిరిగి, “ఒరేయ్, పో అవతలికి,” అనడం గుర్తొచ్చింది. అప్పుడు పిల్లి కూడా ఆశ్చర్యంగా చూసింది. బాబాయికి పొలమారింది. నేను పరిగెత్తి నీళ్ళు తెచ్చాను. అది గుర్తొచ్చి, టీకొట్టు ముందు, అందరూ చూస్తుండగా, ఒక్కదాన్నే నవ్వడం మొదలుపెట్టాను.

“ఏం తంతీ, మంచి కబురేనా?” అన్నాడు టీకొట్టాయన.

“ఇంకా చదవలేదు,” అన్నాను.

ఇంట్లోకి వెళ్ళాను. ఇద్దరూ అన్నం తినకుండా నాకోసం చూస్తున్నారు. టేపు చూశావా అని అడగలేదు. నేనూ చెప్పలేదు. నాన్న నా కళ్ళలోకి ఒకసారి చూసి, కంచం దగ్గరికి లాక్కున్నాడు. “ఉప్పు అందుకోమను మీ బాబాయిని,” అన్నాడు. బాబాయి ఉప్పు నాకు ఇచ్చాడు. నేను నాన్నకి ఇచ్చాను. ఆ పూట అంతకంటే ఏదీ మా చేతుల్లో లేదు.

మర్నాడు వీడియోగారు వచ్చి కెమెరా స్టాండు మీద పెట్టింది గానీ లైటు వెలిగించలేదు. గుమ్మం పక్కన కూర్చుంది. చివరి పుస్తకాలు బల్ల మీద ఉన్నాయి. బయట ఎండ వీధి రాళ్ళమీద తెల్లగా పరుచుకుని, గదిలోకి ఒక మూర దాకా వచ్చి ఆగింది. నాన్న సూదికి దారం ఎక్కించాడు. ఎక్కించి, కుట్టకుండా బల్ల మీద పెట్టేశాడు.

“మీ బాబాయికి చెప్పు,” అన్నాడు. “వ్యాను రేపు వస్తుందని. కట్టలు కట్టడానికి ఎవరుంటారో, ఎవరుండరో ముందే చూసుకోవాలని.”

బాబాయి బ్రష్షు డబ్బాలో వదిలేశాడు. “మీ నాన్నకి చెప్పు,” అన్నాడు నావైపు చూడకుండా. “కట్టలు కట్టడం మాకు చేతనవునని. ఇన్నేళ్ళూ చేశామని.”

మాకు అన్నాడు. బల్ల ఆ కొసనుంచి ఈ కొసదాకా ఆ మాట ఒకసారి నడిచి ఆగింది. ఇద్దరూ నేను మోస్తానని చూస్తున్నారు. లేదా, మోయనని చూస్తున్నారు. వాళ్ళ చేతులు నాలుగూ ఖాళీగా ఉండటం అదే మొదటిసారి చూశాను.

అతికించిన పేజీ మీద ఆరడానికి బరువు పెట్టాను. తడిగుడ్డతో వేళ్ళు తుడుచుకున్నాను. లేచి గోడ దగ్గర ఫోను తీసి పెద్దాయన నంబరు తిప్పాను. అటు చాలాసేపు మోగింది. ఆయన ఎత్తి, నా గొంతు గుర్తుపట్టి, “చెప్పమ్మా, ఇంట్లో ఏమన్నారు?” అన్నారు.

వెనక్కి తిరిగి బల్ల కేసి చూశాను.

“నేను వస్తున్నానండీ,” అన్నాను.